రాట చుట్టూ రెండడుగులు

నెత్తళ్ళ తలలు తీయడం అంత విసుగు పని ఇంకోటి లేదు. ఆ పొద్దున మలేసియాలో, ఇపోలోని మా ఇంట్లో, వంటింటి గచ్చు మీద చిన్న స్టూలు వేసుకుని, ఎండు నెత్తళ్ళ పళ్ళెం ముందర పెట్టుకుని, ఒక్కొక్కదాని తల గిల్లి పారేస్తున్నాను. కింద కూచుందామంటే మోకాళ్ళు ఒప్పవు, పని మానుకుందామంటే మనసొప్పదు. ముందుగదిలో మా మనవరాలు దివ్య వయొలిన్ సాధన చేస్తోంది. పెద్ద సెలవులని మా అమ్మాయి దాన్ని నా దగ్గర వదిలి వెళ్ళింది. వచ్చే నెల దానికి సంగీతం పరీక్ష. పరీక్ష దానికి, శిక్ష నాకు. ఒకే ముక్కను ఇరవైసార్లు గీకుతుంది, తప్పిన చోటే మళ్ళీ తప్పుతుంది. ఆ రోజు కొత్త ముక్క ఎత్తుకుంది. మొదటిసారి పట్టించుకోలేదు. రెండోసారి వింటుంటే నా కుడికాలు దానంతటది గచ్చు మీద అడుగు కొట్టడం మొదలుపెట్టింది. మూడోసారి అది ఒకచోట తడబడి ఆగిపోయింది.

"అక్కడ రెండడుగులు ఎక్కువెయ్యాలే," అని వంటింట్లోంచే అరిచాను.

ఎందుకు అరిచానో నాకే తెలియలేదు. చేతిలో నెత్తల్ని అలాగే పట్టుకుని కూచున్నాను. దివ్య కమాను పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మమ్మా, నీకెలా తెలుసు లా? టీచర్ కూడా అదే సెప్పినారు. అక్కడ రెండు బీట్ ఎక్‌స్ట్రా. ఎందుకో ఎవరికీ తెలీదంట." ఈ దేశంలో మాట చివర ఆ 'లా' ఊరికే వచ్చి చేరుతుంది.

"ఏటా పాట? ఏదీ, ఆ కాయితం ఇలా తే."

తెచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. పైన పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో "రివర్‌మౌత్" అని ఉంది. దాని కింద వాలు అక్షరాలతో "ట్రెడిషనల్ అమెరికన్ ఫిడిల్ ట్యూన్" అని ఉంది. సంప్రదాయ అమెరికన్ పాటట. నాకు నవ్వు రావాలి, రాలేదు.

"ఇది మీ ముత్తాత పాట," అన్నాను.

"అయ్యో అమ్మమ్మా, ఇది అమెరికాది లా. కింద సూడు, రాసి ఉంది," అంది అది, పెద్దవాళ్ళకు నచ్చజెప్పే గొంతుతో. ఆ గొంతు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని, కాగితం మీద ఏం రాసి ఉందో నాకు ఇంకొకరు చదివి పెట్టాలా?

మేం పెరిగింది హుటాన్ మెలింటాంగ్ అవతల, నదికీ సముద్రానికీ మధ్య పరుచుకున్న కొబ్బరి ఎస్టేటులో. మా నాన్న అప్పన్న పని కొబ్బరి చెక్కలను పొగ మీద ఆరబెట్టే కొట్టంలో. తెల్లవారకముందే లేచి వెళ్ళేవాడు. నేలలో పాతిన ఇనప గునపానికి కాయను గుచ్చి మూడు తిప్పులతో పీచు ఒలిచేవారు, కత్తితో ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేసేవారు. నీళ్ళు కాలవలోకి పోయి పులిసి, ఆ పులుపు వాసన ఎస్టేటంతా కమ్ముకునేది. కింద చిప్పల మంట, పైన తడికెల మీద చెక్కలు. ఆ పొగ తియ్యగా, జిడ్డుగా ఉంటుంది. ఒకసారి ఒంటికి పట్టిందంటే వదలదు. నాన్న సాయంత్రం తొట్టి దగ్గర కూచుని కొబ్బరిపీచుతో ఒళ్ళు తోముకునేవాడు, సబ్బు అరిగిపోయేదాకా రుద్దుకునేవాడు. అయినా అమ్మ పక్కనుంచి వెళ్తూ, "ఇంకా పొగే," అనేది. మా తలదిళ్ళకూ అదే వాసన, మా పుస్తకాలకూ అదే వాసన. పట్నం బడిలో చేరినప్పుడు నా పక్కన కూచున్న పిల్ల ముక్కు మూసుకుంది. ఆ రోజు నుంచి నాన్న వాసన అంటే నాకు సిగ్గు. ఇప్పుడు ఆ వాసన కోసం ఎండుకొబ్బరి కొని మూత తీసి చూసుకుంటాను. కొట్లో అమ్మే దానికి ఆ వాసన లేదు.

స్నానం అయ్యాకే నాన్న ఫిడేలు తీసేవాడు. ఎస్టేటు ఆఫీసులో లెక్కలు రాసే మలయాళీ కిరాణి ఒకాయన ఉద్యోగం వదిలి పోతూ దాన్ని నాన్నకు ఇచ్చిపోయాడు. అమ్మ పాత చీర ముక్కలో చుట్టి, గోడకు మేకు కొట్టి తగిలించేవాడు. మాకు ముట్టుకునే హక్కు లేదు. కమానుకు రాయడానికి కొట్లో దొరికే బిళ్ళ మా ఊళ్ళో ఎక్కడ? ఊళ్ళో పడవలు కట్టేవాళ్ళు చెక్కల సందుల్లో కూరడానికి వాడే గుగ్గిలం గడ్డ ఒకటి అడిగి తెచ్చుకుని అదే రుద్దేవాడు. అది సగం రోజులు పలికేది, సగం రోజులు కీచుమనేది. కీచుమన్న రోజున నాన్న ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నేల మీద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తలను చీలమండ మీద ఆనించి, కళ్ళు మూసుకుని వాయించేవాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నేను ఏనాడూ అడగలేదు. అడగనివి ఎన్నో! ఇప్పుడు తల బాదుకుంటే ఏం లాభం?

శనివారం సాయంత్రం రామభజన. ఎస్టేటు కూలీల లైను ఇళ్ళ చివర మనవాళ్ళే ఆదివారాలు పనిచేసి కట్టుకున్న రేకుల గుడి. కట్టినవాడు గుళ్ళు కట్టేవాడు కాదు, ఊళ్ళో పడవలు చేసే వడ్రంగి. సగం కట్టాక, కప్పు బరువుకు వాసాలు ఆగవని ఎవర్నీ అడక్కుండా గుడి మధ్యలో ఒక రాట పాతేసి పోయాడు. అది సరిగ్గా దీపస్తంభానికీ వాకిలికీ మధ్యన పడింది. పీకేద్దామని ఒకరోజు తాడు కట్టి లాగారట, కప్పు కిర్రుమనేసరికి వదిలేశారు. ఆ పై శనివారానికి ఆ రాటకు పసుపు రాసి బొట్టు పెట్టారు. తీయలేనిదానికి బొట్టు పెట్టడం మనవాళ్ళ అలవాటు.

బొట్టు పెట్టినంత మాత్రాన అది పక్కకు జరగదు కదా. భజన అంటే చేతుల్లో చెక్కలు వాయిస్తూ దీపం చుట్టూ తిరగడం. గుడి ఇరుకు. తిరిగే ప్రతివాడూ రాట దగ్గరికొచ్చేసరికి బయటికి చుట్టి రావాలి, అందుకు రెండడుగులు ఎక్కువ పడతాయి. ఆ రెండడుగుల్లో తాళం తప్పేది. ముందువాడు ఒక చోట, వెనకవాడు ఇంకో చోట. చెక్కలన్నీ కలగాపులగం. పెద్దవాళ్ళు తిట్టుకునేవారు, కుర్రవాళ్ళు నవ్వేవారు, వారం వారం ఇదే గోల. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను కొట్టం దగ్గరికి అన్నం క్యారేజీ తీసుకెళ్ళాను. నాన్న పొగకొట్టం వెనక ఖాళీ జాగాలో గొర్రు కర్రను నేలలో గుచ్చి, దాని చుట్టూ తిరుగుతున్నాడు. నోట్లో ఏదో కూనిరాగం. తిరుగుతాడు, ఆగుతాడు, తల అడ్డంగా ఊపుతాడు, మళ్ళీ మొదటినుంచి తిరుగుతాడు.

"ఏటి నాయినా ఇది?" అన్నాను.

"ఏటీ లేదు. అన్నం అక్కడెట్టు."

కొన్ని వారాల తరవాత ఆ పాట గుడిలో వినపడింది. "మొగ దాటించు రామా" అని మొదలయ్యేది. మొగ అంటే నది సముద్రంలో కలిసేచోటు. మావాళ్ళలో చేపల పడవల మీదికి వెళ్ళేవాళ్ళు కూడా ఉండేవారు, వాళ్ళకు అక్కడే భయం. ఆ పాటలో ఒకచోట రాగం రెండడుగులు పొడుగు సాగుతుంది. ఆ రెండడుగుల్లో మనిషి రాటను చుట్టి వచ్చేస్తాడు. దాంతో చెక్కలన్నీ ఒక్కటిగా పలికాయి. ఆ సాయంత్రం ఒక్కడు కూడా తప్పలేదు. ఎవరూ నాన్నను మెచ్చుకోలేదు, నాన్నా ఎవరి మెప్పుకూ చూడలేదు. మా గుళ్ళో అంతే. నూనె ఎవరు పోశారో, పూలు ఎవరు తెచ్చారో చెప్పుకోకూడదు. రాముడి ముందర మనిషి పేరు వినబడకూడదని కట్టుబాటు. ఇప్పుడు ఇపోలో నేను వెళ్ళే గుళ్ళో ప్రతి ఫ్యాను రెక్క మీదా దాత పేరు ఉంటుంది. ట్యూబులైటు మీద అంత పెద్ద అక్షరాలు రాయిస్తారు, ఇక వెలుతురు ఎక్కడినుంచి వస్తుంది?

అదే రోజుల్లో టామ్ వచ్చాడు. అమెరికా కుర్రవాడు, ఆరోగ్యశాఖ వాళ్ళతో కలిసి ఎస్టేటుల్లో ఛాతీ రోగం ఎవరికి ఉందో పరీక్ష చేయడానికి వచ్చినవాడు. సైకిలు మీద, వీపున ఫిడేలు పెట్టె. మొదటి శనివారం గుడి బయట నిలబడి విన్నాడు. రెండో శనివారం చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఆ పొడుగుకు రాట కనబడలేదో ఏమో, నుదురు ఠంగుమని కొట్టుకున్నాడు. ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన ఫిడేలును భుజం మీద పెట్టుకుని నిలబడి వాయిస్తాడు, నాన్న కాలి మీద పెట్టుకుని కూచుని వాయిస్తాడు. ఒకరినొకరు వింత జంతువును చూసినట్టు చూసుకున్నారు. వాళ్ళిద్దరికీ మధ్య మాట నేనే. ఎస్టేటు పిల్లల్లో ఇంగ్లీషు బడికి వెళ్ళేదాన్ని నేనొక్కదాన్నే, అప్పటికి నాకు పన్నెండేళ్ళు. ఆ గర్వం ఎంతని చెప్పను! పాట మాటలకు అర్థం అడిగితే, "రివర్ మౌత్, సర్, క్రాసింగ్," అని తడుముకోకుండా చెప్పాను. మూడు శనివారాల్లో ఆయన నాన్న పాట పట్టేశాడు. ఆ రెండడుగుల దగ్గర నాన్న వైపు చూసి నవ్వుతూ తల వంచేవాడు, రాట తగలకుండా. చివరి వారం ఏదో పెట్టె తెచ్చాడు, చక్రాలు తిరుగుతుంటే అందులో పాట దాచుకుంటానన్నాడు. ఆ తరవాత ఆయన దేశం ఆయన వెళ్ళిపోయాడు. ఒక ఏడు క్రిస్మస్ కార్డు వచ్చింది. తిరిగి రాయమని నాన్న అంటే రేపు రేపని నేను రాయలేదు.

నాన్న ఛాతీ జబ్బుతోనే పోయాడు. ఫిడేలును చెదలు తిన్నాయి. కొబ్బరి నరికి పామాయిలు చెట్లు వేశారు, గుడి ఉన్నచోట ఇప్పుడు గెలలు పోసే మట్టి దిబ్బ.

మరి ఆ పాట అమెరికాది ఎలా అయింది? దివ్య తన ఫోనులో చూపించింది. బోలెడుమంది వాయిస్తున్నారు, గడ్డాలవాళ్ళు, టోపీలవాళ్ళు, పిల్లలు. ఒక చోట పది పదిహేను మంది కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూచుని వాయిస్తున్నారు. కూచునే! నాన్న కూచునే వాయించేవాడు గానీ చుట్టూ జనం తిరిగేవారు, ఇక్కడ అడుగు వేసేవాడే లేడు. కింద వ్యాఖ్యలు దివ్య చదివి చెబుతుంటే నా రక్తపోటు పెరిగింది. రివర్‌మౌత్ అంటే మా రాష్ట్రం నదేనని ఒకడు, కాదు మాదని ఇంకొకడు. ఐర్లండు నుంచి ఓడల్లో వచ్చిందని ఒకావిడ. ఆ రెండు బీట్లూ మొదట వాయించిన ముసలాయన ఎవరో తాగి తప్పిపోయి ఉంటాడని ఒక మేధావి. అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదా అంటారు, ఇక్కడ మేనమామకే పాఠాలు చెబుతున్నారు. తాగి తప్పడమట! మా నాన్న జన్మలో చుక్క ముట్టలేదు. ఆ మాట అన్నవాణ్ణి పట్టుకొచ్చి ఆ రాటకు కట్టేద్దామనిపించింది. రాట కూడా లేదాయె.

ముందు మా అత్తను అడిగాను. సూరమ్మత్త నాన్నకు చెల్లెలు, తొంభైకి దగ్గరపడింది, నా దగ్గరే ఉంటోంది. చెవి దగ్గర నోరు పెట్టి పాట పాడాను. వేళ్ళు కుర్చీ చేతి మీద కదిలాయి, రెండడుగుల దగ్గర సరిగ్గా ఆగి కదిలాయి.

"ఈ పాట నాయిన కట్టినాడా అత్తా?"

"ఆడేటి కడతాడే? పెద్దోల్లది. ఊర్నుంచి ఓడలో వచ్చినప్పుడు తెచ్చుకున్నారు," అంది.

"ఊర్లో ఆ రాటెక్కడుంది అత్తా? రెండడుగులు ఎందుకున్నట్టు?"

"ఏమో లా. నాకేటి తెలుసు," అని కళ్ళు మూసుకుంది. మా గుడి నేర్పిన చదువు అంత గట్టిది.

ఇక్కడి మన తెలుగువాళ్ళ సంఘంలో ఒకాయనకు చెప్పాను. ఉగాది కార్యక్రమంలో సంప్రదాయ గీతాల అంశం ఒకటి ఉందని తెలుసు. ఆయన ఎంతో ఓపికగా విని, "టీచర్, ఇది మన ఊర్నుంచి వచ్చిన పాటేనా? ప్రూఫ్ ఉందా?" అన్నాడు. లేదు, మా నాన్న హుటాన్ మెలింటాంగ్ దగ్గర కొబ్బరి కొట్టం వెనక కట్టాడు అన్నాను. "అలా అయితే అది ట్రెడిషన్ లో రాదు కదా టీచర్," అన్నాడు. ఇంటికొచ్చి ఆ కోపం గిన్నెల మీద చూపించాను. ఎవరూ కట్టలేదు కాబట్టి అది సంప్రదాయమని అమెరికావాళ్ళు అంటారు. ఎవరో కట్టారు కాబట్టి అది సంప్రదాయం కాదని మనవాళ్ళు అంటారు. ఈ రెంటి మధ్య మా నాన్న ఎక్కడ నిలబడాలి?

అలాంటి పాత పాటల పుట్టుపూర్వోత్తరాలు సేకరించి పెట్టే ఒక పెద్దాయన అమెరికాలో ఉన్నాడని దివ్య వెతికిపెట్టింది. ఆయనకు ఉత్తరం రాశాను. గుడి గురించి, రాట గురించి, టామ్ నుదురు గురించి, అన్నీ రాశాను. నాన్న పేరు రాశాను. ఆ పాట పక్కన ఆ పేరు పెట్టమని అడిగాను. నాకు ఈ వయసులో కావలసింది అదొక్కటే. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. రోజూ పొద్దున్నే "వచ్చినాదా?" అని దివ్యను అడగడం, అది "ఇంకా లేదు లా" అనడం. దాని పరీక్ష కూడా అయిపోయింది. ఆ రెండు బీట్లూ సరిగ్గా వాయించిందట, మార్కులు బాగా వచ్చాయట. నాకు సంతోషించే ఓపిక లేకపోయింది.

చివరికి జవాబు వచ్చింది. అంత మర్యాదగా కోపం తెప్పించే ఉత్తరం నేను చదవలేదు. టామ్ పోయి చాలా ఏళ్ళయిందట. నా ఉత్తరం చూశాక ఆయన టామ్ కూతుర్ని కలిసి, పాత పెట్టెల్లో వెతికి, ఆ చక్రాల పెట్టె తాలూకు టేపు సంపాదించాడట. టామ్ ఈ పాటను స్నేహితులకు నేర్పుతూ, "చాలా పాతది, ఎవరూ కట్టింది కాదు" అని చెప్పేవాడట. అలా విన్నవాళ్ళు అది తమదేననుకున్నారట. అది పొరపాటేనని ఒప్పుకుంటున్నాను, ఇక నుంచి "సంప్రదాయ గీతం, బహుశా భారతదేశానిది" అని మారుస్తాను అని రాశాడు. అయితే మీ నాన్నగారు కట్టినట్టు మాత్రం రాయలేను, ఎందుకంటే ఆ టేపులో ఆయన కూతురే స్వయంగా ఆ మాట కాదంటోంది, ఎన్నో ఏళ్ళ తరవాతి జ్ఞాపకం కంటే ఆనాటి మాటకే మేము విలువ ఇవ్వాలి, క్షమించండి అని ముగించాడు. మధ్యలో కొద్దిసేపు స్థానిక భాషలో ఏదో సంభాషణ ఉంది, అది తనకు అర్థం కాలేదని చివర ఒక వాక్యం. టేపులోని ముక్కను కూడా జతచేశాడు.

ఆయన కూతురే. అంటే నేనే. నేను కాదన్నానా?

దివ్య ఫోనును డైనింగ్ బల్ల మీద పెట్టింది. సూరమ్మత్తను కూడా కుర్చీతో సహా దగ్గరికి లాగాం. మొదట బుస్సుమని చప్పుడు. తరవాత పాట, నాన్న కమాను, గుగ్గిలం కీచు. నేను బల్ల అంచు పట్టుకున్నాను. పాట ఆగింది. టామ్ గొంతు ఇంగ్లీషులో నెమ్మదిగా, ఈ పాట ఎవరు చేశారని అడిగింది. వెంటనే సన్నగా, గర్వంగా ఒక ఆడపిల్ల గొంతు.

"నాయినా, ఈ పాట ఎవులు కట్టినారని అడుగుతన్నారు."

ఎక్కడో కోడి అరిచింది. అప్పుడు నాన్న మాట్లాడాడు.

"నేనే కట్టినాను. ఆ రాట మూలాన కట్టినాను." దగ్గు. "అలా సెప్పకు మరి. రాముడి పాటకి నా పేరేటి? తప్పు. పెద్దోల్లదని సెప్పు. పాతదని సెప్పు."

ఆడపిల్ల గొంతు, ఏ తడబాటూ లేకుండా: "నోబడీ మేక్, సర్. వెరీ ఓల్డ్ సాంగ్."

టేపు అక్కడితో అయిపోయింది.

నాకు నాన్న చెప్పొద్దనడం గుర్తులేదు, నేను ఆ మాట అనడమూ గుర్తులేదు. ఇన్ని వారాలుగా ఆ గడ్డాలవాళ్ళ మీద, సంఘం మీద, పెద్దాయన మీద, సొంత మనవరాలి మీద నిప్పులు కక్కాను. ఆ "ఎవరూ కట్టలేదు" అన్నమాట పుట్టింది ఎక్కడో కాదు, నా నోట్లో. మా బళ్ళో ఎన్ని వందలమంది పిల్లల అనువాదాల కింద ఎర్ర గీతలు గీశానో! నా మొదటి అనువాదం ఇదీ. సగం మాట మింగి సగం చెప్పడం. నాన్న కట్టానన్నాడు, చెప్పొద్దన్నాడు. నేను బుద్ధిగా చెప్పలేదు. మంచి పిల్లనని అనిపించుకున్నాను, నాన్నను సముద్రంలో కలిపేశాను.

దివ్య నా ముఖం చూసింది. దానికి ఇంటి తెలుగు వచ్చు, పాటను 'కట్టడం' అన్నదే కొత్త మాట. "అమ్మమ్మా, 'నేనే కట్టినాను' అంటే... హీ మేడ్ ఇట్, కదా?" అంది మెల్లగా.

"అవునే."

"మరి అక్కడే ఉంది కదా లా. ఇన్నేళ్ళూ టేప్ లోనే ఉంది."

ఉంది. స్థానిక భాషలో ఏదో సంభాషణ అని ఆయన రాసిన చోటే ఉంది. ఒక్క వాక్యం. ఆ దేశంలో దాన్ని వినగలిగిన చెవి ఒక్కటి లేదు, ఈ దేశంలో వినగలిగిన చెవులేమో రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఇంకో పదేళ్ళు ఆగి ఈ టేపు బయటపడితే మా ఇంట్లో కూడా అది స్థానిక భాషలో ఏదో సంభాషణే అయ్యేది.

సూరమ్మత్త కళ్ళు తుడుచుకుంటోంది. "మళ్ళీ ఎట్టు," అంది.

దివ్య పాటను మొదటినుంచి పెట్టబోయింది.

"పాట కాదే. ఆడి మాట ఎట్టు."

మూడుసార్లు పెట్టించుకుంది. మూడోసారి అయ్యాక నా వైపు తిరిగింది. నేనప్పటికే కాగితం, పెన్నూ ముందుకు లాక్కున్నాను, ఏం చేయబోతున్నానో ఆమెకు తెలిసిపోయింది.

"సెప్పొద్దన్నాడు కదే పైడీ," అంది.

నా పేరు పైడితల్లి. నన్ను పైడీ అని పిలిచేవాళ్ళు ఇప్పుడు ఆమె ఒక్కతే.

"సెప్పలేదు కదా అత్తా. అరవై యేళ్ళు సెప్పలేదు."

"తప్పన్నాడు మరి."

"నువ్వు కూడా పెద్దోల్లదే అన్నావు. నీకు తెలుసా, తెలీదా?"

అత్త చేతివేళ్ళు కుర్చీ చేతిని నిమిరాయి. "ఆ రాట సుట్టూ నన్ను కూడా తిప్పినాడు," అంది చివరికి. "ఇంట్లోనే. రోకలి నిలబెట్టి. ఎన్నడుగులు పడతాయో సూడమని. ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు." ఆ పైన నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ కూచుంది. ఒట్టు తప్పింది కాబట్టి ఆమెకు భయంగా ఉంది.

నాకూ భయంగానే ఉంది. చనిపోయినవాడి మాట దాటడం మా ఇంట్లో చిన్న సంగతి కాదు. నాన్న ఉండి ఉంటే ఏమనేవాడో నాకు బాగా తెలుసు. తిట్టేవాడు కాదు. కీచుమన్న రోజున ఉన్నట్టే మూడు రోజులు మాట్లాడకుండా ఉండేవాడు. నాకు అదే ఎక్కువ బాధ. కానీ ఆయన దేవుడి ముందర పేరు వద్దనుకున్నాడు గానీ, తాగుబోతని రాయించుకుందామని అనుకోలేదు. ఆ పేరు ఆ గుళ్ళో వద్దు. ఆ గుడీ లేదు, ఆ రాటా లేదు, ఆ కట్టుబాటు తెలిసినవాళ్ళం ఇద్దరం మిగిలాం, ఒకరికి చెవుడు, ఒకరికి మోకాళ్ళ నొప్పి. ఇంక ఆ పేరును ఎవరి ముందర దాచాలి?

ఈసారి సగం మింగలేదు. టేపులో ఉన్నదంతా వరసగా రాశాను. నాన్న దగ్గు కూడా రాశాను. నేనే కట్టినాను అన్నది రాశాను. నా పేరు చెప్పకు, తప్పు అన్నదీ రాశాను. ఆ తరవాత ఆయన కూతురు అబద్ధం చెప్పిందని, ఆ కూతురు నేనేనని, ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. కింద నాన్న పేరు, పని, ఎస్టేటు ఉన్నచోటు. దివ్య టైపు చేసింది. ఒక మాట దగ్గర ఆగి, "అమ్మమ్మా, సెప్పొద్దన్నది కూడా పెట్టాలా? అది లేకపోతే స్ట్రాంగ్ గా ఉంటుంది లా," అంది.

"పెట్టు. ఒక్క మాట కూడా తీయకు," అన్నాను.

పంపించేసింది. అత్త గోడ వైపు తిరిగే ఉంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను, అన్నానికి వేళైంది. బియ్యం కడుగుతుంటే ముందుగదిలో దివ్య మళ్ళీ ఆ పాట ఎత్తుకుంది. రెండడుగుల దగ్గరికి వచ్చేసరికి నేను తొట్టి దగ్గర నుంచి పక్కకు రెండడుగులు వేశాను, రాట ఉన్నట్టే.